పదో నంబరు నల్లద్దం

నేనొక వెల్డింగ్ హెల్మెట్‌ని. ఫైబరు ఒళ్ళు, తల చుట్టూ బిగించుకునే పట్టీ, ముఖం మధ్యలో నాలుగుంపావు అంగుళాల పొడవు, రెండంగుళాల ఎత్తు ఉన్న కిటికీ. నా విలువంతా ఆ కిటికీలోనే ఉంది. మిగతాది నిప్పురవ్వలు కాచుకోవడానికి.

నా యజమాని విశాఖపట్నంలో వెల్డింగ్ మేస్త్రి. కొన్నాళ్ళు సింధియా వైపు ఓడల రిపేరు సబ్ కాంట్రాక్టులో, కొన్నాళ్ళు గాజువాక ఆటోనగర్ షెడ్లలో, ఏదీ లేనప్పుడు ఇళ్ళ గేట్లు, గ్రిల్సు. 1948 మార్చిలో నెహ్రూ ‘జల ఉష’ను నీళ్ళలోకి వదిలిన యార్డు ఆ సింధియాలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికావాళ్ళు లిబర్టీ ఓడల్ని రివెట్లు మానేసి వెల్డింగుతో చకచకా కట్టిపారేశాక, ప్రపంచంలో ఏ ఓడల యార్డుకైనా మా జాతి లేకుండా పని జరగడం లేదు. ఈ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

నన్ను కొన్నరోజు చెప్తాను. కొట్టుకి వచ్చినవాళ్ళలో చాలామంది నన్ను పెట్టుకుని, పట్టీ సరిపోయిందా లేదా చూసి, బేరమాడి వెళ్ళిపోతారు. మేస్త్రి ముందు నాలోంచి నల్లద్దం ఊడదీశాడు. ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని గీతలున్నాయా, బుడగలున్నాయా అని చూశాడు. అంచున నంబరు వెతికాడు.

“పన్నెండు తీసుకోండి మేస్త్రిగారూ, కళ్ళకి చల్లగా ఉంటుంది” అన్నాడు కొట్టతను.

“చల్లగానే ఉంటాది బాబూ, జాబ్ ఎవుడికి కనబడతాది? పది ఇయ్యి.”

ఇక్కడే చాలామంది పొరబడతారు. నంబరు పెరిగితే తగ్గేది ముఖ్యంగా కంటికి కనిపించే వెలుగు. పదో నంబరు అద్దం వెలుగును సుమారు ఏడు వేల వంతుల్లో ఒక వంతుకి కోసేస్తుంది. పదకొండుకి వెళ్తే ఆ మిగిలినదాంట్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది, పన్నెండుకి మళ్ళీ అంతే. కంటికి అసలు దెబ్బ తీసేది అతినీలలోహిత కిరణాలు. పనికి తగ్గ నంబరున్న నాణ్యమైన అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అందుకని అవసరానికి మించి నలుపు పెంచుకుంటే అదనంగా వచ్చే రక్షణేమీ లేదు. పైగా జాబ్ కనపడక వెల్డరు మొహం ముందుకు వంచుతాడు, పొగ నేరుగా ముక్కులోకి పోతుంది, రాడ్ జాయింటు మీంచి పక్కకి జారుతుంది.

మూడుంపావు మిల్లీమీటర్ల రాడ్ నూటపది ఆంపియర్ల మీద నడుస్తుంటే పది చాలు. నూటఅరవై దాటితే పదకొండో పన్నెండో కావాలి. గ్యాస్ కటింగుకి ఐదు సరిపోతుంది. తెలియని పనికి ముందు నల్లటి అద్దంతో మొదలుపెట్టి, కరిగిన ఇనుము అంచు స్పష్టంగా కనపడేదాకా ఒక్కో నంబరు దిగాలి. ఆ కరెంటుకి చెప్పిన కనీస నంబరు కిందికి మాత్రం పోకూడదు.

కరిగిన ఇనుము అంచు అన్నాను కదా, మేస్త్రి చూసేది అదే. కొత్తవాళ్ళు ఆర్క్‌ని చూస్తారు. ఈయన చూపు దాని వెనక నిలుస్తుంది. మెరుస్తూ కరిగిన లోహం, దాని వెనకే కాస్త మసగ్గా కదిలే స్లాగ్. ఆ స్లాగ్ లోహాన్ని దాటి ముందుకొచ్చేస్తోందంటే లోపల ఇరుక్కుంటుందని అర్థం. ఆయన మణికట్టు అప్పుడే తిరుగుతుంది. ప్లేటు అంచు కరిగి గాడి పడి, అది నిండకుండానే రాడ్ ముందుకు పోతే అండర్ కట్. సుత్తితో స్లాగ్ రాలగొట్టాక తెలుసుకుంటే ఏం లాభం, మళ్ళీ గ్రైండరు పట్టాల్సిందే.

ఇంత చూపూ ఒక చవక సరుకు మీద ఆధారపడి ఉంది. నల్లద్దం ముందు ఒక ప్లెయిన్ గ్లాస్ ఉంటుంది. రవ్వలన్నీ దాని మీదే పడి చుక్కలు చుక్కలుగా అతుక్కుంటాయి. చత్వారం వచ్చిందని బెంగపడే వెల్డర్లు ముందు ఆ గ్లాసు మార్చి చూడాలి. నలభై దాటి నిజంగానే చత్వారం వస్తే నల్లద్దం వెనక పెట్టుకునే భూతద్దం ముక్క దొరుకుతుంది. ఇక మా ఊరి ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. సముద్రపు గాలికి, చెమటకి, ఊపిరికి లోపలి వైపు ఆవిరి పట్టేస్తుంది. ఆటోనగర్లో ఒక షెడ్డు పడమటికి తెరిచి ఉండేది. సాయంత్రం ఎండ మెడ వెనక నుంచి నాలోకి దూరితే మేస్త్రికి అద్దంలో జాబ్ బదులు సొంత ముక్కు కనపడేది. తల మీంచి తువ్వాలు కప్పుకుంటే సరిపోయింది.

ఆయన మేనల్లుడు కంచరపాలెం ఐటీఐలో చదివి హెల్పరుగా వచ్చాడు. ముక్కల్ని కదలకుండా నిలిపే చిన్న అతుకు, అంటే ట్యాక్, వేసేటప్పుడు జాబ్ పట్టుకోవడం, మొహం పక్కకి తిప్పుకోవడం. రోజుకి ఎన్నో ట్యాకులు, తిప్పుకోవడం మరిచిపోయినవి కొన్ని. అప్పటికేమీ తెలియదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. కిరణాలు కంటి నల్లగుడ్డు పైపొరను కాల్చి, ఆరు నుంచి పన్నెండు గంటల తరవాత లెక్క అడుగుతాయి. ఇంట్లోవాళ్ళు బంగాళాదుంప ముక్కలు పెట్టారు. తెల్లారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రెండ్రోజుల్లో తగ్గింది.

ఆ తరవాత కుర్రాడు ఆటో డార్కెనింగ్ హెల్మెట్ కొనుక్కున్నాడు. 1981లో స్వీడన్‌లో స్పీడ్‌గ్లాస్ పేరుతో వచ్చిన రకానికి వారసుడు. మామూలుగా మూడో నాలుగో నంబరు తేటగా ఉండి, ఆర్క్ రాజుకోగానే సెకనులో కొన్ని వేలవంతుల లోపే నల్లబడుతుంది. అసూయ లేకుండా చెప్తున్నాను, ట్యాకులకి నాకంటే అదే మేలు. రాడ్ ఎక్కడ ఆనించాలో ముందే కనపడుతుంది, మెడ విదిలించి నన్ను కిందికి దించే పని లేదు. ఆ విదిలింపులో రాడ్ జరిగిపోవడం నాకు తెలుసు.

అయితే ఓడ ట్యాంకులో పైపు సందున దూరి వేసేటప్పుడు దాని సెన్సారుకి ఏదైనా అడ్డొస్తే అద్దం పని మధ్యలో తేటబడిపోతుంది.

“మావయ్యా, ఇది మినుకుమినుకుమంటోంది!”

“రెండు కళ్ళదేటి కొన్నావురా? నాలుగు సెన్సార్లది కొనాల. ఈ పూటకి నాది తీసుకో.”

నాకు బ్యాటరీ లేదు, బుర్రా లేదు. సందుల్లో అదే నా బలం.

హెల్మెట్ కొనడానికి వెళ్ళేవాళ్ళకి నా మాట ఒకటే. వెల్డరుకి ఒకటి తీసుకున్నాక, జాబ్ పట్టుకునే హెల్పరుకి పదో నంబరు అద్దంతో ఇంకొకటి కూడా తీసుకోండి. ఆ చేత్తోనే అరడజను ప్లెయిన్ గ్లాసులు అడగండి.