అచ్చుగుద్దినట్టు వాడే!

కొత్త కెమెరాలొచ్చాయి కాబట్టి ఇక దొంగల పని అయిపోయినట్టే. అధ్యక్షులవారు కొబ్బరికాయ కొట్టి స్విచ్ నొక్కిన మర్నాటి నుంచీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రతివాడూ ఒక డిటెక్టివ్ యుగంధరే.

మొన్న బి బ్లాకులో సైకిలు పోయింది. ఫుటేజీలో కనిపించింది ఒక టోపీ, దాని కింద ఉప్మాలాంటి ముఖం. అది చాలదూ! ‘పాలబ్బాయే, ఆ చెవులు చూడండి’ అన్నారు మూడో అంతస్తు మాస్టారు. ‘కాదు, కొరియర్ కుర్రాడు’ అన్నారు ఆయన శ్రీమతి. ఇంకొకాయన ఆ ముఖాన్ని వేళ్లతో లాగి లాగి పెద్దది చేశాడు. ఉప్మా కాస్తా ఇడ్లీ అయింది, ఆయన నమ్మకం కొండంత అయింది. నలుగురు నలుగురిని గుర్తుపట్టారు, నలుగురూ ‘అచ్చుగుద్దినట్టు వాడే’ అన్నారు. చిత్రమేమిటంటే, ఒక్కరికీ ఒక్క ఫ్లాటు ఓనరు ముఖం కూడా తట్టలేదు. దొంగలంతా మన గుమ్మం దాకా వచ్చి సరుకులిచ్చి పోయేవాళ్లే మరి! చివరికి కొరియర్ కుర్రాడి ఫొటో చుట్టూ ఎర్ర గీత గీశారు. సాయంత్రానికల్లా అది పక్క కాలనీలకి పాకింది. సైకిలు మర్నాడు సెల్లారులో జనరేటర్ వెనక దొరికింది. ఎర్ర గీత మాత్రం ఎవరూ చెరపలేదు.

ఎరిగిన మనిషైతే ఎంత మసక బొమ్మలోనైనా ఇట్టే పోల్చుకుంటాం. ఎరగని ముఖం దగ్గరే బోల్తా పడతాం. 1999లో గ్లాస్గో పరిశోధకులు తేల్చిందీ ఇదే. కెమెరాలో పడ్డ అధ్యాపకుల్ని వాళ్ల దగ్గర చదువుకున్న విద్యార్థులు చక్కగా గుర్తుపట్టారు. వాళ్లెవరో తెలియని పోలీసులు, అంతే తెలియని విద్యార్థుల కంటే ఏమీ మెరుగనిపించుకోలేదు.

మనుషులు కాదు, ముఖాలు పోల్చే యంత్రం చూసుకుంటుంది అంటారా? 80 శాతం పోలిక కుదిరితే మనిషి దొరికినట్టే లెక్క అని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు కింద జవాబిచ్చారు. 35 మార్కులకి పాసైన దేశం కదా, 80 అంటే డిస్టింక్షన్.

నవ్వింది చాలు. 2023 జనవరిలో, మెదక్‌లో జరిగిన గొలుసు దొంగతనం కేసులో, కెమెరాలో పడ్డవాడిలా ఉన్నాడని ఒక కూలీని పోలీసులు పట్టుకెళ్లారు. తరవాత వదిలేశారు. తనని స్టేషన్లో కొట్టారని ఆ మనిషి చెప్పుకున్నాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. అతను చేసిన నేరమల్లా ఇంకెవడి పోలికో కలిగి ఉండడం! ‘అచ్చుగుద్దినట్టు వాడే’ అనడానికి ఎవడి సొమ్మూ పోదు. పోయేది అవతలివాడి ప్రాణం. సిగ్గుండాలి మనకి.

కొరియర్ కుర్రాడు మా వీధికి రావడం మానేశాడు. ఎర్ర గీత ఉన్న ఆ ఫొటో మీ గ్రూపుకి కూడా వచ్చి ఉంటే, దయచేసి తీసెయ్యండి.