రెగ్యులేషన్ అన్న

సాయంత్రం ఐదు దాటాక అల్వాల్‌లో మైసమ్మగూడ, కండ్లకోయ కాలేజీ బస్సులు పిల్లల్ని దింపి పోతాయి. దిగీ దిగగానే మెళ్లో ఐడీ కార్డులు జేబుల్లోకి పోతాయి. ఇళ్లకు పోయేవాళ్లు పోగా, మార్కుల మెమో సరిగ్గా లేనివాళ్లు టీకొట్టు వైపు నడుస్తారు. అక్కడ ఫ్రిజ్ పక్క కుర్చీలో ఆయన ఉంటాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాల్‌టికెట్ మీద ఉండే ఉంటుంది. జనానికి మాత్రం రెగ్యులేషన్ అన్న.

పురోహితుడు గోత్రం అడిగినట్టు, వచ్చినవాడు కూర్చోకముందే ఆయన అడిగేది ఒక్కటే: "ఆర్-18ఆ, ఆర్-22ఆ?" జేఎన్‌టీయూ రూల్సు మారినప్పుడల్లా ఏడాది అంకె తగిలించుకుని కొత్త రెగ్యులేషన్ వస్తుంది. అన్న ఆర్-16లో చేరి, డిటెయిన్ అయ్యి, ఆర్-18లో తేలాడు. పాతదాంట్లో పాసైన సబ్జెక్టు కొత్తదాంట్లో దేనికి బదులు, ఏది మళ్లీ రాయాలి అన్నది ఆయనకు కంఠతా వచ్చు. నాలుగేళ్ల బీటెక్‌కు యూనివర్సిటీ ఇచ్చే గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు. ఆయన ఆరేళ్లలో ముగించాడు. "రెండేండ్లు మిగిల్చిన" అంటాడు, మనం మెచ్చుకోవాలన్నట్టు.

మొన్న ఒక సీఎస్ఈ కుర్రాడు వచ్చాడు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాల్క్యులస్ పేపరు పోయింది.

"ఇంటర్నల్స్ ఎన్ని తమ్మీ?"

"నలభైకి పదిహేడు అన్నా."

అన్న బిస్కెట్ ప్యాకెట్ చింపి, లోపలి వైపు రాయడం మొదలుపెట్టాడు. ఆర్-22లో ఇంటర్నల్‌కు 40, ఎక్స్‌టర్నల్‌కు 60. ఇందులో 14, అందులో 21 వస్తే చాలని పిల్లలు నమ్ముతారు. రెండూ కలిపితే 35. పాస్ కావాలంటే మొత్తం 40 ఉండాలి. ఆ ఐదు మార్కుల సందులో పడి ఎందరు పోయారో అన్నకు తెలుసు.

"నీకు కావాల్సింది 23. పార్ట్-ఏల మూడు బిట్లు. పార్ట్-బీల యూనిట్‌కు పది, రెండు యూనిట్లు పట్టు. లాప్లాస్ ఒకటి. ఇగ గ్రీన్, గాస్, స్టోక్స్‌ల ఏదో ఒకటి వస్తది, ప్రూఫ్ అడగడు, వెరిఫై చెయ్యమంటడు. అయిపాయె."

"ఇంకో యూనిట్ కూడా చదవనా అన్నా?"

"చదువు. 24 వచ్చిందనుకో, ఆ ఒక్కటి యూనివర్సిటీకి దానం."

తక్కువ ఖర్చుతో పని గట్టెక్కించే లెక్కకు గణితంలో లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరుంది. దాన్ని పుస్తకంలో చూస్తే అన్న లేచి పోతాడు. బిస్కెట్ ప్యాకెట్ మీద మాత్రం రోజూ చేస్తాడు, తప్పు పోడు. నన్నడిగితే అల్వాల్‌లో అప్లైడ్ మ్యాథ్స్ బతికున్నది ఆ ప్యాకెట్ల మీదే.

అటెండెన్స్ ఆయనకు వేరే శాఖ. 75 శాతం ఉంటే మాట్లాడడు. 65 దాటితే కండొనేషన్: ఫీజు, ఒక డాక్టరు చీటీ. అందుకే సెమిస్టర్ చివర్లో ఈ చుట్టుపక్కల కుర్రాళ్లకు టైఫాయిడ్ ప్రబలుతుంది, అదీ వెనక తేదీలతో. 65 దాటనివాడికి మాత్రం అన్న టీ తాగించి పంపిస్తాడు, సలహా ఇవ్వడు.

ఒకసారి శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ క్యాంపస్ కుర్రాడొకడు దారితప్పి ఈ దర్బారుకొచ్చాడు. ఐదేళ్ల డ్యుయల్ డిగ్రీ, ఎమ్మెస్సీ మ్యాథ్స్‌తో చేరాడు. మొదటి ఏడాది సీజీపీఏని బట్టి కంప్యూటర్ సైన్స్ బీఈ జతవుతుంది. వాళ్లకు అటెండెన్స్ నిబంధన లేదట. అన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మరి కండొనేషన్ ఎవరు కట్టాలె?" అన్నాడు, పాపం, నిజంగా బాధపడుతూ.

తండ్రులూ వస్తారు. "మావోనికి 6.8 అంట, పర్సెంటేజీల చెప్పు బిడ్డా" అని బొల్లారం నుంచి ఒక పెద్దమనిషి అడిగాడు. "సీజీపీఏల అర తీసేసి పదితోటి గుణించాలె పెద్దనాయినా, 63." పెద్దమనిషి వేళ్ల మీద లెక్కేసుకుని, "ఆ అర ఎవరు తిన్నరు?" అన్నాడు. అన్న రూల్స్ అన్నీ చదివాడు గానీ ఈ ప్రశ్నకు క్లాజు లేదు. ఇంటర్వ్యూకు పిలవాలంటే 60 శాతం అడిగే కంపెనీలున్నాయి కాబట్టి, 6.5కి కింద ఉన్న పిల్లల ముందు ఆయన ఆ సూత్రం ఎత్తడు.

అన్నకు గిట్టని జాతి ఒక్కటే, టాపర్లు. నిరుడు ఎండాకాలంలో 9.2 వాడొకడు స్నేహితుల వెంట వచ్చి, "నూట అరవై క్రెడిట్లూ అయిపోయాయి, మీతో పనిలేదన్నా" అని నవ్వాడు. అన్న గ్లాసు కింద పెట్టి, "జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ అయిందా తమ్మీ?" అన్నాడు మెల్లగా.

"దానికి సున్నా క్రెడిట్లే కదన్నా."

"సున్నానే. గని పాస్ గాకుంటే డిగ్రీ లేదు. ఎన్విరాన్‌మెంటూ అంతే, రాజ్యాంగమూ అంతే."

టాపరు ఫోన్ తీసి పాత మెమోలు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాడు. అన్న కుర్చీలో వెనక్కి వాలి, కొట్టువాడి వైపు నాలుగు వేళ్లు చూపించాడు: "అందరికీ టీ. తమ్మి పైసలిస్తడు."