తిరిగొచ్చేంత ప్రేమ మాత్రమే

అమెరికాలో ఉన్న ప్రియుణ్ని చూసి రెండు వారాల్లో వచ్చేద్దామనుకునే అమ్మాయి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిరూపించుకోవాల్సింది ఒక్కటే: అతనంటే తనకు మరీ అంత పిచ్చి లేదని. ఉద్యోగమంటే ఇష్టం, అమ్మానాన్నలంటే ఇష్టం, కూకట్‌పల్లిలో ఇంకా ఈఎంఐలు తీరని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటంటే ప్రాణం. అబ్బాయంటారా? ఏదో, ఉన్నాడు లెండి. ఈ ముక్క గొంతు వణక్కుండా రెండు మూడు నిమిషాల్లో చెప్పగలిగితే పాస్‌పోర్టులో బీ-2 విజిటర్ వీసా స్టాంపింగ్ అవుతుంది. "వాడు లేకపోతే నేను బతకలేనండీ" అందా, పాస్‌పోర్టుతో పాటు 214బీ కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు.

ఈ 214బీ అనేది 1952 నాటి అమెరికా వలస చట్టంలో ఒక సెక్షన్. వీసా అడిగే ప్రతి విదేశీయుడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలనీ, కాదని ఆఫీసరును ఒప్పించే బాధ్యత అడిగినవాడిదేననీ దాని సారాంశం. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో జేబుదొంగను పట్టుకున్నా, వాడు దొంగేనని రుజువు చేయాల్సింది పోలీసులే. ఇక్కడ ఇంకా చెయ్యని తప్పును ఇకముందూ చెయ్యబోనని మీరే సాక్ష్యం తెచ్చుకోవాలి.

అందరి మీదా ఒకటే అనుమానం అనుకునేరు. అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. హెచ్-1బీ మీద వెళ్లేవాడికీ ఎల్-1 మీద వెళ్లేవాడికీ ఈ పరీక్ష లేదు. లోపల్లోపల గ్రీన్‌కార్డు ఆశ పెట్టుకుని వెళ్లినా చట్టానికి అభ్యంతరం లేదు. కోడ్ రాసే చెయ్యి అక్కడే ఉండిపోతానన్నా తప్పు కాదు. ఆ చెయ్యి పట్టుకుందామని వెళ్లే చెయ్యి మాత్రం రిటర్న్ టికెట్ చూపించాలి. (కోడ్ రాసే చేతులకూ 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రేటు కట్టారు. ఆ ఏడుపు వేరే ఏడవాలి.)

అసలు తమాషా వీసా దరఖాస్తుకు నింపే డీఎస్-160 ఫారంలో ఉంది. తీవ్రవాద కార్యకలాపాలకు పాల్పడే ఉద్దేశం ఉందా? మారణహోమంలో పాల్గొన్నారా? వ్యభిచారం చేయడానికి వెళ్తున్నారా? వీటికి "అవును" అని టిక్కు పెట్టి సబ్మిట్ నొక్కే నిజాయితీపరుడు ఈ భూమ్మీద ఉంటే, వాడికి వీసా కాదు, సన్మానం చేయాలి. ఇవన్నీ నో, నో, నో అని కళ్లు మూసుకుని దాటేయొచ్చు. అమ్మాయి చెయ్యి ఆగేది వేరే చోట. అమెరికాలో మీకు, తల్లిదండ్రులు కాక, దగ్గరి బంధువులు ఉన్నారా అని ఒక ప్రశ్న. దగ్గరి బంధువంటే ఎవరో కూడా వాళ్లే చెబుతారు: పెళ్లి కుదిరినవారు, భర్త లేదా భార్య, పిల్లలు, తోడబుట్టినవారు. పెళ్లి కుదరని ప్రియుడికి ఆ జాబితాలో చోటు లేదు. అమెరికాలో మీకు తెలిసినవారెవరు, మీకేమవుతారు అని ఇంకోచోట ఉంటుంది. అక్కడ క్లిక్ చేస్తే బంధువు, జీవిత భాగస్వామి, ఫ్రెండ్, వ్యాపార సహచరుడు, యజమాని, స్కూలు అధికారి, ఇతరులు అని పట్టీ దిగుతుంది. స్కూలు అధికారికి దొరికిన గౌరవం ప్రేమించినవాడికి దొరకలేదు.

"ఫ్రెండ్ అని పెట్టెయ్యమ్మా, ఏం కాదు" అంటాడు అమీర్‌పేట కన్సల్టెన్సీ ఆయన, సగం చల్లారిన టీ తాగుతూ. అదే ఫారంలో గత ఐదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. గోవా ఫొటో కింద మూడు ఎర్ర గుండెలు పెట్టినవాడు ఇన్‌స్టాలో ఒకటి, ఫారంలో ఇంకొకటి. అబద్ధం ఆడినట్టు తేలితే జీవితాంతం నిషేధం వేసే సెక్షన్ వేరే ఉంది. నిజం చెబితే 214బీ. కన్సల్టెన్సీ ఆయన ఫీజు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక కిటికీ దగ్గర. అవతల ఆఫీసరు, ఇవతల అమ్మాయి, మధ్యలో గాజు. కావాలంటే తెలుగులోనే మాట్లాడొచ్చు, దుబాసీ ఉంటారు. ఏ భాషలో జరిగినా ఈ నాటకం ఇలాగే నడుస్తుంది:

"ఎందుకు వెళ్తున్నారు?"

"ఫ్రెండ్‌ను కలవడానికి."

"ఫ్రెండా, బాయ్‌ఫ్రెండా?"

"...బాయ్‌ఫ్రెండ్."

"పెళ్లి చేసుకుంటారా?"

చేసుకుంటాం అంటే వలస ఉద్దేశం ఉన్నట్టే. చేసుకోం అంటే, మరి ఇన్ని సముద్రాలు దాటి దేనికమ్మా అని అనుమానం. కాస్తో కూస్తో పనికొచ్చే జవాబు, "ఇంకా ఆలోచించలేదండీ" అన్నదే. ఇరవయ్యెనిమిదేళ్లొచ్చినా పెళ్లి సంగతి ఆలోచించలేదన్నందుకు ఇంట్లో రోజూ చీవాట్లు తెచ్చిపెట్టే ఆ మాటే ఇక్కడ పాస్ మార్కులు తేవాలి.

చంకలో ఉన్న ఫైలు సంగతి చెప్పనే లేదు. సీఏ సంతకం చేసిన ఆస్తుల సర్టిఫికెట్, ఇంటి వాల్యుయేషన్, ఆర్నెల్ల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆఫీసులో లీవ్ లెటర్, తాతగారి మూడెకరాల పట్టాదారు పాస్‌బుక్కు. వీటన్నిటినీ కలిపి మనవాళ్లు "టైస్" అంటారు. మూడెకరాల మెట్ట కోసం ప్రియుణ్ని వదిలి పరిగెత్తుకొస్తుందని ప్రపంచంలోకెల్లా ధనిక ప్రభుత్వాన్ని నమ్మించడానికి ఇంటిల్లిపాదీ రాత్రంతా జిరాక్సులు సర్దుతారు. ఆఫీసరు చాలాసార్లు ఆ ఫైలు ముట్టుకోనే ముట్టుకోరు.

ఫీజు 185 డాలర్లు, 16,000 రూపాయల పైమాటే. వీసా వచ్చినా రాకపోయినా వెనక్కి రాదు. ఇది చాలదన్నట్టు, తిరిగొస్తారన్న నమ్మకానికి తాకట్టుగా ఇంకో 250 డాలర్లు వసూలు చేసుకోవచ్చని 2025 జూలైలో చట్టంలో రాసుకున్నారు. ఇదే హైదరాబాద్ పొలిమేరల్లో, చిలుకూరులో, ఇదే పని చూసే ఇంకో ఆఫీసుంది. అక్కడి గుడిలో 11 ప్రదక్షిణలు, పని జరిగితే 108. హుండీ లేదు, అపాయింట్‌మెంట్ లేదు, టైస్ అడగరు. ఒకే సర్వీసుకు రెండు కౌంటర్లు ఉంటే, డబ్బు తీసుకోని కౌంటర్ దగ్గరే జనం నమ్మకంగా తిరగడంలో వింతేముంది? నానక్‌రామ్‌గూడలో ఉన్నది 34 కోట్ల డాలర్లు పోసి కట్టి, 2023లో తెరిచిన భవనం. ఆ పునాదుల్లో మన 214బీ ఫీజులు ఎన్ని గంపలు పడ్డాయో లెక్క తెలీదుగానీ, అందులో నడుస్తున్నప్పుడు కాస్త సొంత ఇంటి భావన కలగాలి మనకు.

స్లాట్ల సంగతి ఒక్క మాటలో. 2022లో ఢిల్లీలో విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూపు 800 రోజులు దాటింది. రెండు వారాల చూపు కోసం రెండేళ్లకు పైగా ఆగిన మనిషి ఎంత ప్రేమిస్తున్నట్టు? అంటే క్యూలో నిలబడటమే రిజెక్షన్‌కు సాక్ష్యం.

ఇదే ప్రేమ జర్మనీలో పుట్టి ఉంటే కథ వేరు. వీసా మినహాయింపు పథకంలో ఉన్న దేశాల వాళ్లు ఆన్‌లైన్‌లో సుమారు 40 డాలర్లు కట్టి, అనుమతి రాగానే విమానం ఎక్కుతారు. 90 రోజుల దాకా ఉండొచ్చు. కొలోన్ అమ్మాయి ప్రేమ టూరిజం, గుంటూరు అమ్మాయి ప్రేమ వలస. మరి ఆ పథకంలోకి మన దేశం ఎలా చేరాలి? షరతులు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఆ దేశస్థుల విజిటర్ వీసా తిరస్కరణ 3 శాతం లోపు ఉండాలట. తిరస్కరించేది ఎవరు? వాళ్లే. ఎక్కువ తిరస్కరిస్తున్నాం కాబట్టి మిమ్మల్ని తిరస్కరించక తప్పదు, తిరస్కరిస్తూనే ఉన్నాం కాబట్టి ఆ సంఖ్య తగ్గదు.

పోనీ, దాపరికం ఎందుకు, పెళ్లి చేసుకోవడానికే వెళ్తున్నామని చెబుదామంటారా? దానికి కే-1 వీసా ఉంది. అక్కడ పాఠం తలకిందులు. ఇందాక దాచిన ఫొటోలన్నీ ఇప్పుడు బయటికి తియ్యాలి. చాట్లు, విమానం టికెట్లు, ఉంగరం బిల్లు, ఇరువైపుల పెద్దల ఉత్తరాలు. అక్కడికి వెళ్లాక 90 రోజుల్లో తాళి కట్టేయాలి. ప్రేమ ఉందన్న అనుమానంతో నిరుడు తిప్పి పంపిన ప్రభుత్వమే, ఈసారి ప్రేమ చాలట్లేదన్న అనుమానంతో ప్రశ్నలు వేస్తుంది. పైగా దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఒక్కసారైనా ఇద్దరూ ఎదురెదురుగా కలిసి ఉండాలి. కలవడానికేగా తల్లీ ఆ బీ-2 అడిగింది! దీనికీ ఒక మినహాయింపు ఉంది, అది చదివితే మన మేనత్తలు మురిసిపోతారు: పెళ్లికి ముందు వధూవరులు ఒకరినొకరు చూసుకోవడం మీ ఆచారానికి విరుద్ధమైతే, ఆ ఆచారం కఠినమైనదీ అనాదిగా వస్తున్నదీ అని నిరూపిస్తే, కలవకపోయినా ఫర్వాలేదట. ప్రేమించి, కలిసి, సినిమాలకు తిరిగినవాళ్ల మీద అనుమానం. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లకు రాయితీ. మన ఊళ్లో సంబంధాల పేరయ్యలు కూడా ఫొటో అయినా చూపిస్తారు.

ఇంకో దారి కూడా ఉంది. అబ్బాయి అక్కడ హెచ్-1బీ మీద ఉండి, ఇద్దరికీ పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న జంటైతే జీవిత భాగస్వామికిచ్చే హెచ్-4 రాదు, బీ-2 మీద వెంట వెళ్లొచ్చని అమెరికా విదేశాంగ శాఖ మాన్యువల్లోనే రాసి ఉంది. మంచిదే, ఒప్పుకుందాం. కలిసి ఉంటున్నట్టు రుజువు తేవాలిగా? రెంటల్ అగ్రిమెంట్. మియాపూర్ ఓనరు పెళ్లికాని జంటకు ఇల్లిస్తాడా? ఇవ్వడని తెలిసే కదా ఇద్దరూ అన్నాచెల్లెళ్లమని చెప్పి దిగింది! వాచ్‌మన్ నుంచి పైఫ్లోర్ ఆంటీ దాకా సాక్షులందరూ ఒకే మాట మీద ఉన్నారు, పాపం చక్కని అన్నాచెల్లెళ్లని.

కోర్టుకెళ్తే? వెళ్లారు. ఎలెన్ నాఫ్ అనే జర్మనీలో పుట్టిన యువతి అమెరికా సైన్యంలో పనిచేసినవాణ్ని పెళ్లాడి 1948లో న్యూయార్క్ రేవులో దిగితే, ఎల్లిస్ ద్వీపంలో ఆపేశారు. రానిస్తే దేశానికి ప్రమాదమన్నారు. ఏమిటా ప్రమాదమంటే రహస్యమన్నారు. 1950లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. చివరికి గొడవ పెద్దదయ్యాక 1951లో వదిలారు. అది పాత కథ అనుకుంటే, శాండ్రా మునోజ్ అనే అమెరికా పౌరురాలి భర్తకు, ఎల్ సాల్వడోర్ మనిషికి, వీసా ఇవ్వలేదు. కారణం అడిగితే ఒక సెక్షన్ నంబరు చెప్పారు. ముఠా సభ్యుడని నమ్ముతున్నామన్న ముక్క కేసు పడ్డాక గానీ బయటికి రాలేదు. ఒంటిమీది పచ్చబొట్లు చూసి అలా అనుకుని ఉంటారని ఆ దంపతుల అనుమానం. అవి ముఠా గుర్తులు కావని నిపుణుడు రాసిచ్చినా లాభం లేకపోయింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో తేల్చిందేమిటంటే, విదేశీ భర్తను దేశంలోకి రానివ్వమని అడిగే ప్రాథమిక హక్కు అమెరికా పౌరురాలికే లేదని. మెడలో తాళి, చేతిలో ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్నావిడకే దిక్కు లేకపోతే, గోవా ఫొటోలున్న మనమ్మాయి ఏ లెక్కలోకి వస్తుంది?

అమెరికాను తిట్టడం తేలిక కాబట్టి మన గుమ్మం కూడా ఒకసారి చూసుకోవాలి. కొలోన్ అమ్మాయి ఇటు రావాలంటే ఈ-వీసా సులువే. కాకపోతే మతమేంటో రాయాలి, అమ్మానాన్నలకూ తాతానానమ్మలకూ పాకిస్తాన్‌తో సంబంధం ఉందేమో చెప్పాలి. ఇంట్లో దించుకున్న మీరు 24 గంటల్లో అధికారులకు కబురందించాలి. పెళ్లి చేసుకుంటామంటే ప్రత్యేక వివాహ చట్టం కింద మీ పేర్లు 30 రోజులు నోటీసు బోర్డు మీద వేలాడతాయి, అభ్యంతరాలున్నవారి కోసం. మన బంధువర్గంలో అభ్యంతరాలకు కొరతా? పెళ్లయ్యాక ఓసీఐ కార్డు కావాలంటే రెండేళ్లు కాపురం నిలబెట్టి చూపాలి. అక్కడ కాన్సులర్ ఆఫీసరు రెండు నిమిషాలు అడిగే ప్రశ్నలు, ఇక్కడ పెద్దమ్మ రెండేళ్లు అడుగుతుంది. పెద్దమ్మ ఇచ్చిన తీర్పు మీద కూడా అప్పీలు లేదు.

అన్నట్టు, 214బీ మీదా అప్పీలు లేదు. మళ్లీ 185 డాలర్లు కట్టి, మళ్లీ స్లాట్ వెతుక్కుని, మళ్లీ వెళ్లొచ్చు, ఎవరూ ఆపరు. ఈసారి ఫారంలో ఇంతకు ముందు వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు "అవును" అని పెట్టి, కింద వివరణ రాయాలి. పరిస్థితుల్లో చెప్పుకోదగ్గ మార్పు వస్తేనే మళ్లీ అప్లై చెయ్యడం మంచిదని కూడా చెబుతారు. మార్పులు రకరకాలు. జీతం పెరగొచ్చు, ఫ్లాటు ఈఎంఐ తీరిపోవచ్చు. అన్నిటికన్నా గట్టి మార్పు మాత్రం బ్రేకప్. అబ్బాయి ఇంకెవర్నో చూసుకున్నాడని చెప్పగలిగితే ఇక ఉండిపోతుందన్న అనుమానానికి తావే లేదు. పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా పడుతుంది. హాయిగా వెళ్లి గ్రాండ్ కాన్యన్ చూసి రావచ్చు.