బూరలపై బ్రహ్మాస్త్రము

"ఏమండీ, వచ్చేశారటగా!" అని మా పొరుగు పంతులుగారు 2023 ఫిబ్రవరిలో పక్షము దినములపాటు నన్ను ప్రాతఃకాల వాహ్యాళిలో పలుకరించిరి. అలాస్కాపై నొకటి, యూకానుపై నొకటి, హ్యూరన్ సరస్సుపై నొకటి, మూడు దినములలో మూడు గుర్తుతెలియని ఆకాశవస్తువులను అమెరికా సైన్యము కూల్చిన పిమ్మట, ఇవి పరలోకవాసులవా యని విలేకరులు ప్రశ్నింపగా, ఇంతవరకు దేనినీ కాదనలేదని గంభీరముగా సెలవిచ్చిన సేనాపతి వాన్‌హెర్క్ గారి పుణ్యమా యని, పంతులుగారి భ్రమకు సైనికముద్ర కూడ లభించినది. నాలుగవనాడు నాటి అధ్యక్షుడు బైడెను, అవి బహుశః వ్యాపారులవో, పరిశోధకులవో, వినోదార్థము వదలినవో యైన బెలూనులని చల్లగా చెప్పెను. ఆ మరునాడే శిథిలముల గాలింపును మానిరి.

అంతకు ముందు చైనా బూర యొకటి ఉత్తర అమెరికా ఖండమంతయు దాటిపోయినందుకు సిగ్గుపడి, అమెరికావారు రాడారు జల్లెడ కన్నులను సన్నము చేసిరి. సన్నని జల్లెడలో ఊక నిలిచినచో అది ఆకాశమునుండి దిగివచ్చిన ధాన్యమా?

పిచ్చుకపై బ్రహ్మాస్త్రమను సామెత మనకు కలదు గాని, ఆ అస్త్రము పిచ్చుకను తప్పి నీటిలో పడునని మన పెద్దలు ఊహింపజాలకపోయిరి. హ్యూరన్ సరస్సుపై తొలి క్షిపణి అట్లే గురితప్పి నీళ్ల పాలైనది. మూడు వస్తువులకు నాలుగు క్షిపణులు; ఒక్కొక్కటి నాడు 4 లక్షల డాలర్లకు పైమాట.

ఇల్లినాయిలోని ఔత్సాహికులు కొందరు తాము వదలిన చిరుబెలూను అలాస్కా తీరమున కడపటి సంకేతమంపి మూగవోయినదని చెప్పిరి. యూకానుపై కూలినది అదియే యనుటకు రుజువు లేదు, దొరకవలసిన రుజువు మంచు క్రిందనే మరుగైనది. అట్టి బూరల వెల నాడు 12 మొదలు 180 డాలర్లు. చౌకరకమును లెక్కించినచో, గురితప్పిన ఆ యొక్క క్షిపణి వెలకు 33 వేల బూరలు వచ్చును.

ఆ నెల శివరాత్రికి తిరునాళ్లలో చిల్లర డబ్బులకు గాలితుపాకి నిచ్చి, పలకకు గ్రుచ్చిన బూరలను కొట్టించు దుకాణమొకటి చూచితిని. అచట గురితప్పినవాడు తల వంచుకొని వెడలిపోవును, పత్రికాసమావేశము పెట్టడు.

2023 జనవరిలో వెలువడిన అమెరికా గూఢచారవిభాగపు నివేదికలోనే, 366 కొత్త ఆకాశవింతలలో 163 బెలూనులో, బెలూనువంటివో యని వ్రాసియున్నది. చదివినవారెవరు?

హాస్యమిక చాలు. 1948 జనవరి 7న, కెంటకీ ఆకాశమున, ప్రాణవాయు పరికరము లేని విమానములో మెరయుచున్న వింతవస్తువు నొకదానిని తరుముచు పైపైకి పోయి, మాంటెల్ అను 25 ఏండ్ల కెప్టెన్ కూలి మరణించెను. శుక్రగ్రహమును చూచి భ్రమించినాడని మొదట చెప్పిరి. స్వదేశపు నౌకాదళము రహస్యముగా ఎగురవేయుచున్న స్కైహుక్ బెలూనే అతడు తరిమినది కావచ్చునని పిమ్మట తేలినది. 1947లో అమెరికాలోని రాజ్‌వెల్‌లో పడినది సోవియట్ అణుపరీక్షలను పసిగట్టుటకు వదలిన మోగుల్ బెలూనని వైమానికదళము ఒప్పుకొన్నది 1994లో. నలుబది యేడేండ్లు నోరు మూసికొని, జనులు వెర్రివారని నవ్విన దొరలు వీరు! ఆ వెర్రికి విత్తు వేసినది వీరు కారా?

ఇక మన హైదరాబాదునుండి టాటా పరిశోధనాసంస్థవారు అర్ధశతాబ్దిగా బెలూనులు వదలుచున్నారు. ఏ జిల్లాలలో పరికరములు దిగవచ్చునో ముందే ప్రకటింతురు. తాకక పోలీసులకు తెలుపుడని కోరుదురు. 2022 డిసెంబరులో వికారాబాదు పొలములో అట్టి బెలూను మోసిన వింతపేటిక యొకటి దిగినప్పుడు జనము గుమిగూడినమాట నిజమే. క్షిపణి మాత్రము ఎవరును వేయలేదు.

ఆ దినములలోనే ఒకనాడు పంతులుగారు తమ మేడమీది తీగకు చిక్కుకొని ఊగుచున్న ఎర్రని వస్తువును చూపి, కళ్లజోడు సవరించుకొని, "అదేమిటండీ?" అనిరి. వారి మనుమని పుట్టినరోజు మొన్ననే జరిగినదని గుర్తుచేయవలసివచ్చినది.