పెండ్లిపత్రికల లెక్క

2034 దాకా ఏ ఏడుకు ఎంత కరెంటు కావాల్నో డిస్కమోళ్లు లెక్కగట్టి విద్యుత్ నియంత్రణ మండలి ముంగట పెట్టిండ్రు బిడ్డా. పదేండ్ల లెక్క! మా రోజుల్ల ఈ రాత్రి కరెంటు ఉంటదో లేదో చెప్పెటోడు లేకుండె.

లేకుండె అంటే అబద్ధమే. తాండూరుల మా గల్లీకి ఒక లైన్‌మన్ ఉండె. పెండ్లిపత్రిక చేతిల పెడితే ముహూర్తం చూడడు. పిల్ల తరఫోళ్లు ఫ్రిజ్జు పెడుతున్నరా, కూలరా అని అడుగుతుండె. మాఘమాసంల ఎన్ని పెండ్లిళ్లయితే ఎండకాలం ట్రాన్స్‌ఫార్మర్ మీద అంత బరువు. "ఈ వైశాఖం ఆగది" అన్నడంటే ఆగకపోతుండె. నాపరాయి పాలిష్ మిషన్లు షురూ అయితే మా ఇంట్ల బల్బు నిప్పుకణిక లెక్క ఎర్రగయ్యేది. దాని కిందనే చదివి నేను పదో తరగతి తప్పిన. తప్పు బల్బుది కాదని మా నాయన అప్పుడే తేల్చిండనుకో. కరెంటు పోతే మా అమ్మ కందిలి చిమ్నీని బూడిదతోని తుడిచి అరుగు మీద పెట్టేది, వాడంతా ఆడికే వచ్చి కూసునేది. మీరో, రెండు నిమిషాలు వైఫై పోతే ఇంట్ల పీనుగు లేసినట్టు చేస్తరు.

ఇంతకూ డిస్కమోళ్ల లెక్కేందంటే, ఇండ్లకు, దుకాణాలకు, ఫ్యాక్టరీలకు అమ్మిన యూనిట్లు ఏటేటా ఎంత పెరిగినయో చూసి, అదే సాలు ముందటికి దున్నుకపోతరు. పొలం బోర్లకు మీటర్లుండవు గద, అక్కడోటి ఇక్కడోటి ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టి, తక్కినదంతా అందాజా. మా లైన్‌మన్ చేసింది అదే కాదూ?

మా కాలంల లోడంటే పొద్దుగూకి దీపాలు పెట్టే యాళ్లకు. 2018 జనవరి 1 నుంచి బోర్లకు 24 గంటల కరెంటు ఊకెనే ఇస్తున్నరు; ఇగ యాసంగి వరి, దానికి తోడు ఎండ. 2023 మార్చి 30న రాష్ట్రం లోడు 15,497 మెగావాట్లకు ఎక్కింది, అదీ పట్టపగలు!

ఇగ ఈ లెక్కలకు అందని వికారాబాద్ సంగతి అడగనే అడగకు. గాలే మందని అనంతగిరి గుట్ట మీద టీబీ దవాఖాన కట్టిన ఊరది. 2016ల జిల్లా అయినంక ఆఫీసులొచ్చినయి, గుట్ట చుట్టు రిసార్టులు లేసినయి. ఆ గాలి కోసమే పట్నం నుంచి కార్లేసుకొని వస్తరు, వచ్చి కిటికీలు మూసి ఏసీ ఏసుకుంటరు. దీన్ని ఏ సూత్రంల పెడతవు?

మా ఇంట్ల ఒక ఏసీ ఉండె, ముసలామెకు ఉక్కపోస్తదని. మొన్న రెండోది పెట్టిచ్చిన, అది నాకే. అదనపు లోడుకు దరఖాస్తు ఇంకా పెట్టలే.