చదువు అదనం

మన ఇంజినీరింగ్ కాలేజీలు పరిశ్రమతో అడుగు కలపడం లేదన్నది ఎవరండీ? 2020 ప్రాంతంలో ఏఐసీటీఈ కొత్త కోర్సులకు పచ్చజెండా ఊపడమే తడవు, సీఎస్‌ఈ బోర్డు పక్కన ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ బోర్డులు వెలిశాయి. నిన్నటిదాకా సిమెంటు, ఇసుక పాళ్లు చెప్పిన సివిల్ మాస్టారు ఓ వారం ఎఫ్‌డీపీ అనే అధ్యాపక శిక్షణకు వెళ్లొచ్చి న్యూరల్ నెట్‌వర్క్‌లు చెప్పేస్తున్నారు. ఏ పరిశ్రమైనా ఇంత వేగంగా మారిందా?

ల్యాబ్‌లోకి తొంగిచూడండి. నీలి తెర మీద టర్బో సీ, 1990ల నాటి సరుకు. కొత్త విండోస్ దాన్ని నడపనని మొరాయిస్తే, డాస్‌బాక్స్ పెట్టి పాత కంప్యూటర్ వేషం కట్టించి మరీ నడిపిస్తారు. ప్రోగ్రాం ఆడిందా లేదా అన్నది తర్వాతి మాట. రికార్డులో కుడివైపు కోడు, ఎడమవైపు తెల్లకాగితం మీద పెన్సిల్‌తో అవుట్‌పుట్ ఉండాలి. ఎక్స్‌టర్నల్ గారు ఇండెక్స్‌లో సంతకాలు లెక్కపెట్టి భోజనానికి లేస్తారు.

మిగతా చదువు హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో. ఫైనలియర్ ప్రాజెక్టు సైతం అక్కడే, స్పైరల్ బైండింగ్‌తో సహా దొరుకుతుంది. కృతజ్ఞతల పేజీకి గైడు పేరు మాత్రం మనమే చెప్పాలి.

ఇక పరిశ్రమ వారు. కుర్రాళ్లలో నైపుణ్యం లేదని సదస్సు సదస్సుకీ నిట్టూర్చే వీరు క్యాంపస్‌కొచ్చి అడిగేదేమిటి? ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు ఎన్ని గంటలకు కలుస్తాయి అని! ఆ లెక్క తేల్చినవాణ్ని పట్టుకెళ్లి, బాండు రాయించుకుని, అఆల నుంచి మళ్లీ దిద్దిస్తారు. దిద్దించేది జావా. తీరా చేతికిచ్చేది ఏ అమెరికా బ్యాంకుదో మెయిన్‌టెనెన్స్ పని, 1959లో ఊపిరి పోసుకున్న కోబాల్‌లో.

అసలు తమాషా ఇంకోటి ఉంది. రిలేషనల్ డేటాబేస్ ఎలా ఉండాలో ఎడ్గర్ కాడ్ 1970లోనే చెప్పారు. బ్యాంకు ఖాతాల నుంచి రైలు టికెట్ల దాకా నేటికీ అక్కరకొచ్చే పాఠమది. మన సిలబస్‌లో ఎన్నాళ్ల నుంచో ఉంది కూడా. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్18 సిలబస్ పోయి ఆర్22 వచ్చినా చెక్కుచెదరలేదు. అందులో కీలకమైన నార్మలైజేషన్‌నే మన పిల్లలు చాయిస్‌లో వదిలేస్తారు. మరి అది కొత్త టెక్నాలజీ కాదాయె!

సిలబస్‌ను సంస్కరించడానికి మరో కమిటీ దేనికి? ఫీజు రసీదు అడుగున చిన్నక్షరాల్లో ఓ ముక్క అచ్చేస్తే తల్లిదండ్రులకు లెక్క తేలిపోతుంది: 'షరతులు వర్తిస్తాయి. చదువు అదనం.'