రెండో ఓనరు సేవలో

కెమెరా కొనబోయే పెద్దమనిషిని ఏం ఫొటోలు తీస్తారని అడిగితే కాసేపు నీళ్లు నములుతాడు. ఈ బ్రాండే ఎందుకని అడగండి, ఠక్కున జవాబొస్తుంది: "దీనికి రీసేల్ వాల్యూ ఉందండీ!" ఇంకా కొననైనా లేదు, అమ్మకం ముచ్చట అప్పుడే మొదలు. ఇంటికొచ్చాక అట్టపెట్టె అటకెక్కుతుంది. లోపలి అట్టలు, ప్లాస్టిక్ సంచి, ఛార్జరు వైరుకి చుట్టిన బుల్లి తీగ అన్నీ యథాతథంగా భద్రం. వారంటీ కార్డు ఇంటి దస్తావేజుల సరసన చేరుతుంది. స్క్రీన్‌కి టెంపర్డ్ గ్లాసు, బాడీకి సిలికాన్ తొడుగు పడతాయి. కంపెనీ బెల్టు మడత కూడా విప్పరు. చినుకు పడితే బ్యాగు తెరుచుకోదు, బీచ్‌కెళ్తే ఇసుక భయం, బోనాల ఊరేగింపులో పసుపు భయం. మూడు నాలుగేళ్లకి గర్వంగా ప్రకటన వెలువడుతుంది: "షటర్ కౌంట్ 4 వేలే. గీత కూడా లేదు. బాక్సు, బిల్లు ఉన్నాయి." మొదటి ఓనరంటే రెండో ఓనరు సొత్తుకి జీతం లేని వాచ్‌మన్ అన్నమాట. పైగా ఎదురు డబ్బు కట్టి చేరిన ఉద్యోగం.

పోనీ, ఈ భక్తిలో డబ్బయినా మిగులుతుందా? లెక్కకి రెండు కెమెరాలు అనుకుందాం. ఒకటి 2 లక్షలు, నాలుగేళ్లకి 1 లక్షా 20 వేలకి పోతుంది. రెండోది లక్ష, 40 వేలకి పోతుంది. మొదటిది 60 శాతం నిలబెట్టుకుంది, రెండోది 40 శాతమే. కాబట్టి మొదటిదే తెలివైన బేరమని రీసేల్ శాస్త్రం ఘోషిస్తుంది. కానీ కిరాణా కొట్టువాడు శాతాలు తీసుకోడు, రూపాయలు తీసుకుంటాడు. మొదటిదానిలో పోయింది 80 వేలు, రెండోదానిలో 60 వేలు. ఇంకో అడుగు ముందుకేద్దాం. చవకది కొన్నవాడు మిగిలిన లక్షని 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసి, నాలుగేళ్ల తర్వాత కెమెరాని ఊరికే ఎవరికో ఇచ్చేశాడనుకోండి. బారువడ్డీ లెక్కనే అతని చేతిలో 1 లక్షా 28 వేలుంటాయి. రీసేల్ పండితుడు అటక మీది పెట్టెతో సహా అమ్ముకుంటే వచ్చేది 1 లక్షా 20 వేలు. కెమెరాని దానం చేసినవాడికన్నా దాచుకున్నవాడు 8 వేలు వెనకబడ్డాడు!

ఆ 60 శాతమైనా ముందుగా తెలిసేది కాదు. 1987లో కానన్ కంపెనీ ఈఎఫ్ మౌంట్ (బాడీకి లెన్సు బిగించే అమరిక) తెచ్చింది; అంతకుముందు జనం పోగేసుకున్న ఎఫ్‌డి లెన్సులు కొత్త ఈఓఎస్ బాడీలకి ఎక్కనే ఎక్కవు. ఏళ్ల తరబడి చవగ్గా పడి ఉన్న వాటికే మిర్రర్‌లెస్ కెమెరాలొచ్చాక అడాప్టర్ల పుణ్యమా అని మళ్లీ గిరాకీ పుట్టింది. 2018లో అదే కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కి మారింది, నికాన్ జెడ్ మౌంట్‌కి మారింది. శామ్‌సంగ్ 2014లో ఎన్‌ఎక్స్1తో శభాష్ అనిపించుకుని, చూస్తుండగానే కెమెరాల వ్యాపారానికే దణ్ణం పెట్టేసింది. ఇంకోవైపు 2020లో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100వి, సోషల్ మీడియా మోజు పుణ్యాన, ఒక దశలో కొత్తదాని ధరని మించి సెకండ్‌హ్యాండ్‌లో పలికింది. వీటిలో ఏ ఒక్కటైనా కౌంటర్ దగ్గర కార్డు గీకేటప్పుడు తెలిసే సంగతేనా? తెలిసినవాడు కెమెరా కొనడం మానేసి షేర్లు కొనుక్కోవడం మేలు.

ఇక పొదుపు సంగతి. కానన్ 5డి మార్క్ 4 షటర్‌ని లక్షన్నర క్లిక్కుల మన్నికతో, నికాన్ డి850 షటర్‌ని 2 లక్షల మన్నికతో తయారుచేశారు. 80 వేలు నష్టపోయి 4 వేల ఫొటోలు తీస్తే ఫొటోకి 20 రూపాయలు పడింది. 40 వేలు తీసి ఉంటే 2 రూపాయలతో పోయేది. అంటే షటర్‌ని దాచుకున్నకొద్దీ ఫొటో ప్రియమవుతుంది. తమాషా ఏమిటంటే, దాచినంత మాత్రాన సరుకు దక్కుతుందన్న భరోసా కూడా లేదు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో లెన్సుని బ్యాగులో బంధించి నెలల తరబడి వదిలేస్తే అద్దాల మధ్య ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది. ఎండా గాలీ తగులుతూ వాడుకలో ఉన్నదానికి ఆ ముప్పు తక్కువ. కొనేవాడు టార్చి వేసి ముందు చూసేది ఆ మరకలే. బాడీ మీద గీత పడకుండా కాచుకున్న ధర లెన్సు లోపలి బూజుకి బలి.

పెళ్లి ఫొటోగ్రాఫర్ల మాటేమిటంటారా? వాళ్లు మూడేళ్లకోసారి బాడీ మారుస్తారు, రీసేల్ చూడాల్సిందే. నిజమే, కానీ వాళ్లు కెమెరాని ఎలా చూస్తారో కూడా చూడండి. ఒక్క పెళ్లికే వేల క్లిక్కులు. గ్రిప్పు రబ్బరు అరిగి ఊడొస్తుంటుంది, తలంబ్రాల బియ్యం బ్యాగు మూలల్లో ఉంటుంది. జీఎస్టీ నమోదున్న స్టూడియో కట్టిన 18 శాతం పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌లో సర్దుకుంటుంది, ఆదాయపు పన్ను లెక్కలో ఏటా తరుగు రాసుకుంటుంది. పెట్టుబడి ఎప్పుడో రాబట్టుకున్నాక చివర్లో వచ్చింది కొసరు. ఆ కొసరునే అసలనుకుని కొనే ఉద్యోగస్తుడికి వాళ్ల ఉదాహరణ అతకదు. బాడీల కన్నా మంచి లెన్సులు ధర నిలుపుకుంటాయన్నదీ నిజమే. చాలాకాలం పనికొస్తాయి గనకే నిలుపుకుంటాయి. ఆ పనికోసం కొనండి, ధర దాని వెంట అదే వస్తుంది.

తరుగంటే నిజంగా గుండె గుబగుబలాడేవాడికి మందు ఎప్పుడూ ఉంది: సెకండ్‌హ్యాండ్ కొనడం. మొదటి దెబ్బ ఎవడో వాచ్‌మన్ తిని ఉంటాడు. కానీ రీసేల్ భక్తుడికి కొత్త పెట్టె చింపే సుఖమూ కావాలి, పాత ధర భయమూ పోవాలి. అలాంటివాడికి ఒక వేలం పాట వివరం చెప్పాలి. 2022లో 1923 నాటి లైకా ఒకటి 1 కోటీ 44 లక్షల యూరోలకి అమ్ముడైంది. అట్టపెట్టె, వారంటీ కార్డు ఉన్నందుకు కాదు. అది లైకా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడుకున్న కెమెరా. వ్యూఫైండర్ మీద అతని పేరు చెక్కి ఉంటుంది. మన బజారులో అయితే "పేరు గీకేశారండీ" అంటూ ధర కోసేవాళ్లు. అంతటి రీసేల్ కావాలనుకునేవాడు ముందు ఆ సిలికాన్ తొడుగు పీకేసి, పేరు చెక్కించుకునేంత పని చేయాలి.